డీజిల్ లారీలో టెంపరేచర్ రీడింగు తేడాగా ఉందా? సెన్సార్ మార్చే ముందు వరసగా చేయాల్సిన పరీక్షలు

"కొత్త సెన్సార్ వేయించాను, అయినా ముల్లు అలాగే ఊగుతోంది. ఇప్పుడేం చేయాలి?" నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని కొలిచే సెన్సార్ మీద అనుమానం రావడం సహజమే. కానీ తప్పు రీడింగు వైరులో పుట్టొచ్చు, కనెక్టర్‌లో పుట్టొచ్చు, ఎర్త్‌లో (కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారిలో) పుట్టొచ్చు, కూలెంట్‌లో చేరిన గాలి వల్ల కూడా రావచ్చు. ఒక్కోసారి రీడింగు నిజమే అయ్యుంటుంది, మనమే నమ్మం. అది అన్నిటికన్నా ప్రమాదం.

అందుకే ఈ పరీక్షలను ఇక్కడ ఇచ్చిన వరసలోనే చేయండి. ఖర్చు లేనివి ముందు, విప్పాల్సినవి తర్వాత. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక్క విషయం గమనించండి: రీడింగు ఎప్పుడు తప్పుతోంది? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, బాగా వేడెక్కాకా, రెండింట్లోనా? ఈ ఒక్క జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. ఎందుకో 9వ అంకంలో లెక్కతో సహా చెబుతాను.

## 1. ముందు ఇంజన్‌ను, చేతులను కాపాడుకోండి

మీటర్ వేడి ఎక్కువగా చూపిస్తే, అది తప్పని రుజువయ్యే వరకు నిజమనే అనుకోండి. బండి పక్కకు ఆపండి. "సెన్సారే పోయి ఉంటుందిలే" అనుకుని నడిపితే హెడ్ వంగిపోయేంత దూరం వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు.

- వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత గానీ, కూలెంట్ ట్యాంకు మూత గానీ తీయకండి. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు, మూత తీసిన క్షణంలో ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.
- ఇంజన్ నడుస్తుండగా ఫ్యాన్ దగ్గర చేతులు, వదులు బట్టలు ఉంచకండి. క్లచ్ ఉన్న ఫ్యాన్ అప్పటిదాకా మెల్లగా తిరిగి, ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంటుంది.
- ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండిలో కీ ఆన్‌లో ఉంటే చాలు, ఇంజన్ ఆగి ఉన్నా ఫ్యాన్ తిరగొచ్చు.
- చక్రాలకు అడ్డు పెట్టండి. పార్కింగ్ బ్రేక్ వేయండి.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిజిటల్ మల్టీమీటర్
- బండికి సరిపోయే స్కానర్ (ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం). పెద్ద లారీల్లో తొమ్మిది పిన్నుల గుండ్రటి సాకెట్, చిన్న డీజిల్ బండ్లలో పదహారు పిన్నుల సాకెట్ ఎక్కువగా కనిపిస్తాయి
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, కొంచెం నల్ల టేపు
- ద్రవాల్లో ముంచగల మామూలు థర్మామీటర్
- కనెక్టర్ వెనుక నుంచి దూర్చగల సన్నటి ప్రోబ్‌లు, చిన్న వైరు ముక్క
- కాంటాక్ట్ క్లీనర్, మెత్తటి చిన్న బ్రష్
- మీ ఇంజన్ సర్వీస్ మాన్యువల్‌లో సెన్సార్ రెసిస్టెన్స్ పట్టిక ఉన్న పేజీ
- కాగితం, పెన్ను

చివరి రెండూ లేకుండా మొదలుపెట్టొద్దు. పట్టిక లేకుండా రెసిస్టెన్స్ కొలిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. రాసుకోకపోతే, పొద్దున చూసిన రీడింగు మధ్యాహ్నానికి గుర్తుండదు.

## 3. ఏ సెన్సార్ సంగతో ముందు తేల్చుకోండి

చాలా ఇంజన్లలో కూలెంట్ వేడిని చూసే సెన్సార్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. ఒకటి డ్యాష్‌బోర్డ్ ముల్లుకు, ఇంకొకటి ఈసీయూకి (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పని చేయొచ్చు. కొన్ని బండ్లలో ఒకే సెన్సార్ నుంచి ఈసీయూ చదివి, ఆ అంకెను మీటర్‌కు పంపుతుంది. ముల్లు తప్పు చూపిస్తుంటే ఈసీయూ సెన్సార్ మార్చి నెత్తి పట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

తేల్చుకోవడం సులువే. స్కానర్ పెట్టి లైవ్ డేటాలో కూలెంట్ టెంపరేచర్ చూడండి. పక్కనే ముల్లు చూడండి.

- స్కానర్ సరిగ్గా, ముల్లు తప్పుగా ఉంటే: మీటర్, దానికి వేరే సెన్సార్ ఉంటే అది, లేదా క్యాబిన్ ఎర్త్.
- రెండూ ఒకేలా తప్పుగా ఉంటే: ఈసీయూ సెన్సార్, దాని వైరింగ్, లేదా కూలెంట్.
- ఇంధనం ముల్లు కూడా అదే సమయంలో తేడా చూపిస్తుంటే: సెన్సార్ జోలికే పోకండి. మీటర్లకు వెళ్లే కరెంటు లేదా ఎర్త్ చూడండి.

ఈ తరం బండ్లు చాలావాటిలో ముల్లు కొంత పరిధిలో కదలకుండా మధ్యలో నిలబడేలా చేసి ఉంటుంది. అసలు వేడి పది డిగ్రీలు అటూఇటూ అయినా అది కదలదు. కాబట్టి అంకె కోసం స్కానర్‌నే నమ్మండి.

ఒక హెచ్చరిక. సైలెన్సర్ వైపు ఉండే ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సార్లు వేరే జాతివి. చాలావాటిలో వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, కూలెంట్ సెన్సార్‌లో తగ్గుతుంది. కింద చెప్పే లెక్కలు వాటికి వర్తించవు.

## 4. లక్షణం రాసుకోండి

విప్పే ముందు పది నిమిషాలు దీనికే ఇవ్వండి.

- తప్పు చల్లటి ఇంజన్‌లో కనిపిస్తోందా, వేడెక్కాకా?
- రీడింగు మెల్లగా జారుతోందా, ఒక్క గెంతులో మారుతోందా?
- హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్ చేస్తే మారుతోందా?
- గతుకుల్లో మారుతోందా?
- ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?
- ఈ మధ్య కూలెంట్ మార్చారా, హోస్ విప్పారా, గేర్‌బాక్స్ దించారా, వెల్డింగ్ చేయించారా?

రెండో ప్రశ్న చాలా విలువైనది. లారీ ఇంజన్‌లో పదుల లీటర్ల కూలెంట్ ఉంటుంది. అంత కూలెంట్, దాని చుట్టూ అంత ఇనుము ఒక్క సెకనులో 30 డిగ్రీలు మారడం అసాధ్యం. రీడింగు రెప్పపాటులో గెంతితే అది వేడి కాదు, కరెంటు తప్పు. కొన్ని సెకన్ల పాటు పైకి పోయి మళ్లీ దిగితే, సెన్సార్ మీదుగా ఆవిరి బుడగ పోయి ఉండొచ్చు. నిమిషాల మీద మెల్లగా పెరిగితే, అది నిజమైన వేడి అయ్యే అవకాశమే ఎక్కువ.

## 5. తెల్లవారుజాము పరీక్ష

ఇంతకన్నా చవకైన, నమ్మకమైన పరీక్ష ఇంకోటి లేదు. బండి రాత్రంతా, కనీసం ఎనిమిది గంటలు ఆగి ఉండాలి. ఎండ తగలకముందే కీ ఆన్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేయకండి. స్కానర్‌లో కూలెంట్, ఇన్‌టేక్ గాలి, ఇంజన్ ఆయిల్, ఇంధనం టెంపరేచర్‌లు, ఏవి కనిపిస్తే అవన్నీ రాసుకోండి. బయటి గాలి వేడి కూడా రాయండి.

రాత్రంతా ఆగిన బండిలో అన్నీ ఒకటే వేడికి వస్తాయి. కాబట్టి అంకెలన్నీ మూడు నుంచి ఐదు డిగ్రీల తేడాలో ఉండాలి. మిగతావన్నీ 24 దగ్గర ఉండి కూలెంట్ ఒక్కటే 36 చూపిస్తే, ఆ సర్క్యూట్‌లో తప్పుందని ఏ పరికరమూ విప్పకుండానే తేలిపోయింది.

ఇంజన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ రాత్రి ఆన్‌లో ఉంటే ఈ పరీక్ష పనికిరాదు. ఇక్కడ అన్నీ సరిపోయినంత మాత్రాన సెన్సార్ మంచిదని కూడా అనుకోకండి. చల్లగా ఉన్నప్పుడు బయటపడని తప్పులు కొన్ని ఉంటాయి, వాటి సంగతి 9వ అంకంలో వస్తుంది.

## 6. కూలెంట్ మట్టం, లోపలి గాలి

ఇంజన్ ఇంకా చల్లగానే ఉంది కాబట్టి ఇప్పుడే మూత తీసి చూడండి. సెన్సార్ కొన కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన వేడి చెబుతుంది. మట్టం తగ్గి కొన గాలిలో వేలాడితే, ఇంజన్ మాడిపోతున్నా ముల్లు చల్లగానే చూపించొచ్చు. ముల్లు కిందికి పడిందని సంతోషించి నడిపి, ఇంజన్ పట్టేయించుకున్నవాళ్లు ఉన్నారు. నడుస్తున్న బండిలో ముల్లు కారణం లేకుండా ఒక్కసారిగా చల్లదనంలోకి పడితే వెంటనే ఆపి, చల్లారాక మట్టం చూడండి.

మట్టం తగ్గి ఉంటే నింపి ఊరుకోవద్దు. ఎక్కడికి పోయిందో వెతకాలి: హోస్ బిగింపులు, వాటర్ పంప్ కింద కారే రంధ్రం, హీటర్ పైపులు, ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచేది). చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ (ఇంజన్ నుంచి రేడియేటర్ పై భాగానికి వెళ్లే రబ్బరు పైపు) రాయిలా గట్టిపడినా, ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తున్నా, మండిన గ్యాసు కూలెంట్‌లోకి చేరుతోందని అనుమానించాలి. అది హెడ్ గాస్కెట్ కావచ్చు, ఈజీఆర్ కూలర్ కావచ్చు. అలాంటి బండిలో ఎన్ని సెన్సార్లు మార్చినా రీడింగు కుదుటపడదు.

## 7. ముల్లు చెప్పేది నిజమేమో చూడండి

ఇంజన్ స్టార్ట్ చేయండి. ప్రతి రెండు నిమిషాలకు స్కానర్ అంకె రాసుకోండి. సరైన ఇంజన్‌లో వేడి నిలకడగా పెరిగి, థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం) తెరుచుకునే చోట కాస్త ఆగుతుంది. చాలా డీజిల్ ఇంజన్లలో అది 80 నుంచి 90 డిగ్రీల మధ్య మొదలవుతుంది. మీ థర్మోస్టాట్ మీదే దాని అంకె ముద్రించి ఉంటుంది.

పై హోస్‌ను గమనిస్తూ ఉండండి. థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపు అది దాదాపు చల్లగా ఉండి, తెరుచుకోగానే గబగబా వేడెక్కాలి. మొదటి నుంచే మెల్లగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. అప్పుడు రీడింగు తక్కువగా చూపించడం నిజమే. ఇలాంటి బండిలో దిగుడు రోడ్డు మీద రీడింగు ఇంకా పడిపోతుంది.

ఇప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. సెన్సార్ పక్కన ఇనుము మీద చిన్న నల్ల టేపు అంటించి దాని మీద కొలవండి. మెరిసే అల్యూమినియం, ఇత్తడి మీద నేరుగా కొలిస్తే ఆ పరికరం బాగా తక్కువ చూపిస్తుంది. "గన్‌తో చూస్తే 55 మాత్రమే ఉంది, మీటర్ 90 అంటోంది, సెన్సార్ పోయింది" అని చెప్పేవాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఇదే. లోపలి కూలెంట్ కన్నా పైపొర కొన్ని డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే. తేడా 15 డిగ్రీలు దాటితే ముందుకు వెళ్దాం.

## 8. కోడ్‌లు ఏం చెబుతున్నాయి

తప్పు పసిగట్టినప్పుడు ఈసీయూ దాచి ఉంచే గుర్తులే ఈ కోడ్‌లు, స్కానర్‌లో కనిపిస్తాయి. చిన్న డీజిల్ బండ్లలో:

- పీ0116: రీడింగు నమ్మదగ్గట్టు లేదు
- పీ0117: సిగ్నల్ వోల్టేజీ మరీ తక్కువ, ఈసీయూకి వేడి మరీ ఎక్కువగా కనిపిస్తోంది, షార్ట్ అనుమానం
- పీ0118: వోల్టేజీ మరీ ఎక్కువ, చలి మరీ ఎక్కువగా కనిపిస్తోంది, తెగిన వైరు అనుమానం
- పీ0119: వస్తూ పోతూ ఉన్న తప్పు
- పీ0128: కూలెంట్ రావాల్సిన వేడికి రావడం లేదు, ముందు థర్మోస్టాట్ చూడండి

పెద్ద లారీల్లో కోడ్ రెండు భాగాలుగా వస్తుంది: ఎస్‌పీఎన్ ఏ కొలతో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ తప్పు ఏ రకమో చెబుతుంది. కూలెంట్ టెంపరేచర్‌కు ఎస్‌పీఎన్ 110 అన్న అంకె వస్తుంది. దాని పక్కన ఎఫ్‌ఎంఐ 3 ఉంటే వోల్టేజీ ఎక్కువ, 4 ఉంటే తక్కువ, 2 ఉంటే పొంతన లేని సిగ్నల్. ఎఫ్‌ఎంఐ 0 వస్తే మాత్రం జాగ్రత్త. సర్క్యూట్ బాగానే ఉంది, వేడే హద్దు దాటింది అని దాని అర్థం. అక్కడ సెన్సార్ వెతకడం మానేసి కూలింగ్ చూడాలి.

కోడ్ చెరిపే ముందు ఫొటో తీసుకోండి.

## 9. కనెక్టర్, వైరు, సెన్సార్: అసలు పని ఇక్కడే

### ఈ సర్క్యూట్ ఎలా పని చేస్తుంది

ఈసీయూ లోపల ఉన్న ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు సెన్సార్‌కు వస్తాయి. బండి 12 వోల్టులదైనా, 24 వోల్టులదైనా ఇక్కడ ఉండేది 5 వోల్టులే. సెన్సార్ వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, సిగ్నల్ వోల్టేజీ పడిపోతుంది. ఈసీయూ ఆ వోల్టేజీని చూసి డిగ్రీలు లెక్కగడుతుంది. అది నేరుగా వేడిని చూడదు. వైరులో తప్పుంటే అది కూడా డిగ్రీలుగానే మారి కనిపించేది ఇందుకే.

### తీసి చూసే పరీక్ష

రెండు వైర్ల సెన్సార్‌కే ఇది చేయండి. మూడు వైర్లుంటే మాన్యువల్ చూడకుండా ఏ రెండింటినీ కలపొద్దు. కీ ఆన్, ఇంజన్ ఆఫ్.

1. కనెక్టర్ తీయండి. స్కానర్‌లో రీడింగు మైనస్ 40 దగ్గరికి పడాలి.
2. బండి వైపు కనెక్టర్‌లో రెండు పిన్నులను చిన్న వైరుతో కలపండి. రీడింగు పైహద్దుకు, చాలా బండ్లలో 130 డిగ్రీలు దాటి, వెళ్లాలి.
3. వైరు తీసి, ఆ రెండు పిన్నుల మధ్య వోల్టేజీ కొలవండి. 5 వోల్టుల దగ్గర ఉండాలి.

మూడూ సరిపోతే ఈసీయూ, వైరు ఎక్కడా పూర్తిగా తెగలేదు, షార్ట్ కాలేదు. తీసినప్పుడు మైనస్ 40కి రాకపోతే సిగ్నల్ వైరు ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది. కలిపినా పైకి పోకపోతే ఎక్కడో తెగింది.

కొన్ని ఈసీయూలు తప్పును పసిగట్టగానే అసలు రీడింగు దాచేసి తమ సొంత అంకె ఒకటి చూపిస్తాయి. కనెక్టర్ తీసినా స్కానర్ హాయిగా 80 చూపిస్తోందంటే కంగారుపడకండి. లైవ్ డేటాలో సెన్సార్ వోల్టేజీ ఉంటే దాన్ని చూడండి, లేదా కొత్త కోడ్ వచ్చిందేమో చూడండి.

### రెసిస్టెన్స్ కొలత

కనెక్టర్ తీసి ఉండగానే సెన్సార్ రెండు పిన్నుల మధ్య కొలవండి. బాగా వాడుకలో ఉన్న ఒక రకం సెన్సార్‌లో అంకెలు దాదాపు ఇలా ఉంటాయి:

- 0 డిగ్రీలు: 5,900 ఓమ్‌లు
- 20 డిగ్రీలు: 2,500
- 30 డిగ్రీలు: 1,700
- 40 డిగ్రీలు: 1,180
- 60 డిగ్రీలు: 600
- 80 డిగ్రీలు: 320
- 90 డిగ్రీలు: 240
- 100 డిగ్రీలు: 190

అన్ని సెన్సార్లూ ఇవే అంకెలు చూపవు. కొన్ని తయారీల్లో 20 డిగ్రీల దగ్గరే 37,000 ఓమ్‌లు ఉంటుంది, అదీ మంచి సెన్సారే. మీ మాన్యువల్ పట్టికే ప్రమాణం. "పాతదానిలాగే ఉంది, అదే థ్రెడ్డు, అదే కనెక్టర్" అని వేరే ఇంజన్ సెన్సార్ వేస్తే చక్కగా కూర్చుంటుంది, రీడింగు మాత్రం జన్మలో సరిగా రాదు.

### తప్పు ఎప్పుడు కనిపిస్తుందన్నదే దారి చూపిస్తుంది

పై పట్టికను ఇంకోసారి చూడండి. కనెక్టర్‌లో పచ్చటి తుప్పు పట్టి 80 ఓమ్‌ల రెసిస్టెన్స్ అదనంగా చేరిందనుకుందాం. 20 డిగ్రీల దగ్గర 2,500కి 80 కలిస్తే 2,580. ఒక్క డిగ్రీ కూడా తేడా రాదు. తెల్లవారుజాము పరీక్షలో బండి నెగ్గేస్తుంది. అదే 90 డిగ్రీల దగ్గర 240కి 80 కలిస్తే 320. ఈసీయూ దాన్ని 80 డిగ్రీలుగా చదువుతుంది. ఇంజన్ అసలు వేడికన్నా 10 డిగ్రీలు తక్కువ చూపిస్తోంది, ఫ్యాన్ ఆలస్యంగా అందుకుంటోంది, ఎత్తు ఎక్కేటప్పుడు కూలెంట్ పొంగుతోంది. సెన్సార్ విప్పి కొలిస్తే మాత్రం నిక్షేపంలా ఉంటుంది.

ఇప్పుడు దీనికి తిరగబడ్డ సంగతి. కనెక్టర్‌లోకి తడి చేరి రెండు పిన్నుల మధ్య 5,000 ఓమ్‌ల దొంగదారి ఏర్పడిందనుకుందాం. 20 డిగ్రీల దగ్గర 2,500, 5,000 పక్కపక్కన కలిసి దాదాపు 1,670 అవుతుంది. ఈసీయూ 30 డిగ్రీలనుకుంటుంది. ఇంజన్ నిజంగా ఉన్నదానికన్నా వెచ్చగా ఉందని నమ్మి గ్లో ప్లగ్‌ను (చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేందుకు లోపల వేడి చేసేది) తక్కువసేపు వెలిగిస్తుంది. పొద్దున్నే స్టార్టింగ్ కష్టం, తెల్లటి పొగ. వేడెక్కాక 240 పక్కన 5,000 ఉన్నా లేనట్టే, రీడింగు ఒకటి రెండు డిగ్రీలకు మించి మారదు. మధ్యాహ్నం వర్క్‌షాప్‌కు వెళ్తే "అంతా బాగుంది" అంటారు.

కాబట్టి:

- వేడెక్కాక మాత్రమే తక్కువ చూపిస్తే: తుప్పు, వదులు పిన్ను, నలిగిన వైరు
- చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఎక్కువ చూపిస్తే: తడి, కనెక్టర్‌లో లీకైన కూలెంట్, ఇన్సులేషన్ దెబ్బతిన్న వైరు
- రెండింట్లోనూ తప్పుంటే: సెన్సార్ పాడైంది, లేదా ఆ ఇంజన్‌ది కాని సెన్సార్ వేశారు
- రెప్పపాటు గెంతులు: వదులు కనెక్షన్, లోపల చీలిన సెన్సార్, ఎర్త్

### కదిపి చూడటం

కనెక్టర్ పెట్టేసి, సిగ్నల్ పిన్ను వెనుక నుంచి ప్రోబ్ దూర్చి, ఇంజన్ ఆఫ్‌లోనే వైరును సెన్సార్ దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు కదుపుతూ పోండి. వోల్టేజీ ఎక్కడ గెంతితే అక్కడే తప్పు. బ్రాకెట్ కింద రాసుకునే చోట్లు, ఎగ్జాస్ట్ దగ్గరగా పోయే చోట్లు ముందు చూడండి. వైరు పైతొడుగుకు సూదితో చిల్లు పెట్టి కొలవకండి. ఇవాళ్టి చిల్లులోంచే రేపు తడి పోతుంది.

కనెక్టర్ తీసినప్పుడు లోపల కూలెంట్ కనిపిస్తే సెన్సార్ శరీరమే లీకవుతోంది. అప్పుడు సెన్సార్ తప్పకుండా మార్చాలి, వైరు లోపలికి కూడా కూలెంట్ పాకిందేమో చూడాలి. రాగి నల్లబడి ఉంటే మంచి రాగి కనిపించేదాకా కోసి కొత్త కనెక్టర్ వేయించండి.

## 10. ఎర్త్

ఒక పాత లారీకి నేను రెండుసార్లు సెన్సార్ మార్చాను. రెండు రోజులు బాగుండేది, మళ్లీ హెడ్‌లైట్లు వేయగానే ముల్లు ఒక గీత జరిగేది. మూడోసారి డ్రైవర్ వచ్చి నిలబడ్డప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. చివరికి దొరికింది ఇంజన్‌కు, క్యాబిన్‌కు మధ్య ఉండే ఎర్త్ పట్టీ. అంతకుముందు గేర్‌బాక్స్ పని జరిగినప్పుడు దాన్ని రంగు పొర మీదే బిగించారు. రంగు గీకి బిగించడానికి పది నిమిషాలు పట్టింది. లైట్లు వేస్తే రీడింగు మారుతోందని ఎవరు చెప్పినా అప్పటి నుంచి నేను మొదట ఎర్త్ చూస్తాను.

- కీ ఆన్ చేసి, కనెక్టర్ పెట్టి ఉండగా, సెన్సార్ రిటర్న్ పిన్నుకు (సిగ్నల్ పిన్ను కాని రెండోది), బ్యాటరీ నెగటివ్‌కు మధ్య వోల్టేజీ కొలవండి. సాధారణంగా 0.1 వోల్టు లోపే ఉండాలి.
- ఇంజన్ బ్లాక్‌కు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య స్టార్టర్ తిరిగేటప్పుడు కొలవండి. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీలు, వాటి బోల్టులు విప్పి శుభ్రం చేయాలి.
- లైట్లు, బ్లోయర్, వైపర్ ఒక్కొక్కటి ఆన్ చేస్తూ ఇవే కొలతలు మళ్లీ తీయండి.

ఎర్త్‌ను ఓమ్‌లలో కొలిచి "సున్నా ఉంది, బాగుంది" అనుకోవద్దు. ఒక్క తీగ మిగిలిన పట్టీ కూడా మల్టీమీటర్‌కు సున్నానే చూపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజీ కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

## 11. ఒకే వైరు ఉన్న పాత సెన్సార్లు

వీటికి ఎర్త్ థ్రెడ్డు ద్వారానే దొరుకుతుంది. థ్రెడ్డుకు సీలింగ్ టేపు దట్టంగా చుడితే ఎర్త్ తెగి, ముల్లు తక్కువ చూపిస్తుంది. పరీక్ష: కీ ఆన్ చేసి వైరు తీస్తే ముల్లు ఒక చివరకు, ఆ వైరును బ్లాక్‌కు ఒక్క క్షణం తాకిస్తే రెండో చివరకు పోవాలి. అలా తిరిగితే మీటర్, వైరు బాగున్నట్టే. ఎక్కువసేపు తాకించి ఉంచొద్దు, మీటర్ కాలిపోవచ్చు.

## 12. విప్పాక నీటిలో పరీక్ష

ఇంకా సందేహం ఉంటే సెన్సార్ విప్పి, గిన్నెలో నీళ్లు పోసి, కొన మాత్రం మునిగేలా వేలాడదీయండి. పక్కనే థర్మామీటర్ ఉండాలి. రెండూ గిన్నె అడుగును తాకకూడదు. మెల్లగా వేడి చేస్తూ 30, 40, 60, 80, 90 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్ రాసుకుని పట్టికతో పోల్చండి. మధ్యలో అంకె ఎక్కడైనా గెంతితే సెన్సార్ లోపల చీలిక ఉంది. ఒక్క చోట మాత్రమే కొలిచి తీర్పు చెప్పొద్దు.

## 13. మార్చడం

1. ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. మూత తీసి ఒత్తిడి పోనివ్వండి.
2. మట్టం సెన్సార్ కన్నా కిందికి వచ్చేదాకా శుభ్రమైన పాత్రలోకి కూలెంట్ దించండి.
3. కనెక్టర్ లాక్ నొక్కి తీయండి. వైరు పట్టుకుని లాగొద్దు.
4. లోతైన సాకెట్‌తో చేత్తోనే విప్పండి. ఇంపాక్ట్ గన్ వాడొద్దు, అల్యూమినియం థ్రెడ్డు ఊడి వస్తుంది.
5. పాత వాషర్ లేదా ఓ-రింగ్ లోపల ఉండిపోలేదని చూడండి.
6. కొత్త సెన్సార్ రెసిస్టెన్స్‌ను బిగించకముందే కొలవండి. కొత్తదైనంత మాత్రాన మంచిదని హామీ లేదు.
7. మొదటి చుట్లు వేళ్లతో తిప్పి, తర్వాత మాన్యువల్ చెప్పిన బిగింపుతో ఆపండి. వాషర్ ఉన్నదానికి టేపు అవసరం లేదు.

కనెక్టర్ రబ్బరు సీలు చిరిగి ఉంటే అదీ మార్చండి. దాన్ని వదిలేస్తే 9వ అంకంలో చెప్పిన దొంగదారి మళ్లీ మొదలవుతుంది.

## 14. గాలి తీయడం, మళ్లీ చూసుకోవడం

కూలెంట్‌ను మెల్లగా నింపండి. గాలి తీసే స్క్రూ ఉంటే బుడగలు ఆగి కూలెంట్ మాత్రమే వచ్చేదాకా తెరిచి ఉంచండి. హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి ఇంజన్ నడపండి, లేకపోతే హీటర్ పైపుల్లో గాలి ఉండిపోతుంది. క్యాబిన్‌లోకి చల్లగాలి వస్తూ రీడింగు పైకీ కిందికీ పోతుంటే గాలి ఇంకా ఉంది. థర్మోస్టాట్ తెరుచుకున్నాక ఆపి, పూర్తిగా చల్లారాక మట్టం మళ్లీ చూసి నింపండి.

బండి తిరిగి పనిలో పెట్టే ముందు:

- కోడ్‌లు చెరిపారా, మళ్లీ రాలేదా?
- పై హోస్ వేడెక్కిన క్షణం, స్కానర్ అంకె థర్మోస్టాట్ ముద్రతో సరిపోయిందా?
- లైట్లు, బ్లోయర్ వేసినా రీడింగు కదలకుండా ఉందా?
- లోడుతో ఒక ఎత్తు ఎక్కి వచ్చారా? ఫ్యాన్ సమయానికి అందుకుందా?
- సెన్సార్ చుట్టూ తడి లేదా?

మర్నాడు తెల్లవారుజామున ఇంకోసారి కీ ఆన్ చేసి అన్ని టెంపరేచర్‌లు రాసి, పాత కాగితం పక్కన పెట్టి చూడండి. అంకెలు ఒకదానికొకటి ఐదు డిగ్రీల లోపు ఉంటే బండిని లోడుకు పంపొచ్చు.